చిత్రకారుడు ఉన్న ఊరు: బొమ్మ ఎవరిది, ఇల్లు ఎవరిది, ఆ దృశ్యం ఎవరిది?

2026 ప్రకృతి దృశ్యాలు గీసిన ఇద్దరు పెద్ద చిత్రకారులను తలుచుకునే ఏడాది. ఇంగ్లండ్‌కు చెందిన జాన్ కాన్‌స్టబుల్ పుట్టి జూన్ 11కి 250 ఏళ్ళు. ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే చనిపోయి డిసెంబర్ 5కి 100 ఏళ్ళు. ఇద్దరికీ పేరు వచ్చింది నగరాల్లోని ప్రదర్శనల వల్లే అయినా, జనం వాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళేది పల్లెటూళ్ళకే. ఒకరి కోసం ఈస్ట్ బెర్గ్‌హోల్ట్, ఇంకొకరి కోసం జివెర్నీ. మన దేశంలో అలాంటి ఊరు హిమాచల్‌లోని నగ్గర్. హైదరాబాద్ నుంచి కులూ, మనాలి టూర్‌కి వెళ్ళొచ్చినవాళ్ళు చాలామంది అక్కడ రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ ఇంటి ముందు ఫొటో దిగే ఉంటారు.

ఈ ఊళ్ళ గురించి మాట వచ్చినప్పుడు మనవాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. అసలు బొమ్మలు ఆ ఊళ్ళో ఉన్నాయా? లేకపోతే అంత దూరం వెళ్ళి చూసేదేముంది? ఇల్లు ప్రభుత్వానిదా, వారసులదా? ఆ బొమ్మను మనం క్యాలెండర్ మీద వేసుకోవచ్చా? మన తెలుగు ఊళ్ళల్లో ఇలాంటివి ఎందుకు కనపడవు? అన్నీ కలిపి అడుగుతాం కాబట్టి జవాబు చిక్కుపడుతుంది. నిజానికి ఇందులో నాలుగు వేరువేరు విషయాలున్నాయి: మనిషి, ఇల్లు, బొమ్మ, దృశ్యం. ఒక్కోదానికి యజమాని వేరు, చట్టం వేరు, ఆయుష్షు వేరు. ఈ నాలుగింటిలో కాపాడటానికి అన్నిటికన్నా కష్టమైనది దృశ్యం. ఊరికి చివరికి మిగిలేది కూడా అదేనని నా నమ్మకం.

## ఏ ఊరు చిత్రకారుడి ఊరు అవుతుంది?

ప్రకృతి దృశ్య చిత్రం, అంటే అందరూ ల్యాండ్‌స్కేప్ అనేది, కొండ, ఏరు, పొలం, చెట్టు, ఆకాశం ప్రధాన విషయంగా ఉండే బొమ్మ. అందులో మనుషులు ఉండొచ్చు, పశువులు ఉండొచ్చు. కానీ చిత్రకారుడి చూపు నిలిచేది చోటు మీద. యూరప్ కళాశాలల్లో చాలాకాలం ఈ రకం చిత్రాలకు చిన్నచూపే. పురాణ ఘట్టాలు, చరిత్ర ఘట్టాలు, రాజుల ముఖచిత్రాలు పై మెట్టు మీద ఉండేవి. 19వ శతాబ్దంలో ఆ వరస మారింది.

ఊళ్ళు పండగ చేసుకునేది ఎక్కువగా ల్యాండ్‌స్కేప్ చిత్రకారులకే ఎందుకంటే, ముఖచిత్రం వేయించుకున్న మనిషి ఇప్పుడు లేడు, పురాణ ఘట్టం జరిగిన చోటుకు మనం వెళ్ళలేం. ఏటి ఒడ్డు బొమ్మ చూసినవాడు మాత్రం ఆ ఏటి ఒడ్డుకే వెళ్ళి, బొమ్మ వేసినాయన నిలబడ్డ చోట నిలబడొచ్చు. ఆ అవకాశం ఇవ్వగలిగేది ఊరు ఒక్కటే. మ్యూజియం ఎంత పెద్దదైనా ఇవ్వలేదు.

ఇక్కడ కొన్ని తేడాలు గుర్తుంచుకోవాలి. చిత్రకారుడు పుట్టిన ఊరు ఒక రకం. కాన్‌స్టబుల్‌కి ఈస్ట్ బెర్గ్‌హోల్ట్ అలాంటిది. ఎక్కడో పుట్టి, వచ్చి స్థిరపడిన ఊరు ఇంకో రకం. మోనే జివెర్నీలో 1883 నుంచి 1926 దాకా, 43 ఏళ్ళు ఉన్నాడు. చాలామంది చిత్రకారులు గుంపుగా చేరిన ఊరు మూడోది, ఫ్రాన్స్‌లోని బార్బిజాన్ లాగా. చిత్రకారులే స్థలం కొనుక్కుని కట్టుకున్న ఊరు నాలుగోది, 1966లో చెన్నై దగ్గర మొదలైన చోళమండలం లాగా. మన మాదాపూర్‌లో శిల్పారామం ఉంది కదా అని కొందరంటారు. అది చేతివృత్తుల కోసం 1990ల్లో కట్టిన ఆవరణ, ఏ చిత్రకారుడూ బతికిన ఊరు కాదు. అందుకే దాన్ని ఈ లెక్కలోకి తీసుకోలేం.

ఎన్నేళ్ళు ఉంటే ఆ ఊరివాడు అవుతాడనే దానికి మాత్రం కొలత లేదు. డచ్చి చిత్రకారుడు వాన్ గో ఫ్రాన్స్‌లోని ఓవేర్ అనే ఊళ్ళో ఉన్నది 1890 మే 20 నుంచి జూలై 29 దాకా, అంటే సుమారు 70 రోజులు. ఆ కొద్ది రోజుల్లోనే 70కి పైగా బొమ్మలు వేశాడు, అక్కడే చనిపోయాడు, సమాధి అక్కడే. అదే ఊళ్ళో దోబిన్యీ అనే ల్యాండ్‌స్కేప్ చిత్రకారుడు 1860ల నుంచి ఇల్లు కట్టుకుని ఉన్నాడు. పడవనే స్టూడియోగా మార్చుకుని నది మీద తిరుగుతూ బొమ్మలు వేశాడు. ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది, చూడొచ్చు కూడా. కానీ జనం ఎక్కువగా వెళ్ళేది వాన్ గో అద్దెకున్న చిన్న గదికే. ఏ ఊరు ఎవర్ని తలుచుకుంటుందో తేల్చేది కాలం కాదు, కథ. దోబిన్యీకి ఇది న్యాయం కాదని నాకు అనిపిస్తుంది.

## ఒక్క బొమ్మ తీసుకుని లెక్క చూద్దాం

కాన్‌స్టబుల్ వేసిన ‘ది హే వెయిన్’ (గడ్డి బండి) ప్రపంచంలో ఎక్కువమంది గుర్తుపట్టే ల్యాండ్‌స్కేప్‌లలో ఒకటి. లోతు లేని నీళ్ళలో ఆగిన బండి, ఎడమవైపు ఒక ఇల్లు, దూరంగా పచ్చిక, మీద మబ్బులు. ఇది 1821 నాటి చిత్రం. స్టౌర్ నది ఒడ్డున, ఫ్లాట్‌ఫర్డ్ అనే చోట కనపడే దృశ్యం. ఇప్పుడు దీనికి సంబంధించిన ఒక్కో వస్తువూ ఎవరి చేతిలో ఉందో చూద్దాం.

బొమ్మ లండన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది. 1886లో ఒక దాత ఇచ్చాడు. చూడటానికి టికెట్ లేదు. బొమ్మలో ఎడమవైపు కనపడే విల్లీ లాట్ ఇల్లు, ఆ పక్కనున్న పిండిమర, రెండూ నేషనల్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థవి. మరను ఆ సంస్థ ప్రకృతి పాఠాలు చెప్పే వేరే సంస్థకు లీజుకిచ్చింది. అక్కడ 1940ల నుంచీ విద్యార్థులు ఉండి చదువుకుంటున్నారు. బొమ్మ మీద కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. చుట్టూ ఉన్న డెడ్‌హామ్ లోయ రైతులది, ఇళ్ళవాళ్ళది, ట్రస్టులది. వందలమంది యజమానులు. అయితే 1970లో ప్రభుత్వం ఆ లోయ మొత్తాన్నీ విశేషమైన ప్రకృతి సౌందర్యం ఉన్న ప్రాంతంగా ప్రకటించింది. దాంతో అక్కడ ఇల్లు కట్టాలన్నా, లైన్ వేయాలన్నా దృశ్యానికి ఏం జరుగుతుందో చూశాకే అనుమతి ఇస్తారు.

ఈ లెక్కలో ఊరి పంచాయతీ పేరు ఎక్కడా లేదని గమనించే ఉంటారు. ‘మా కాన్‌స్టబుల్’ అని గర్వంగా చెప్పుకునే ఊరి చేతిలో బొమ్మ లేదు, మర లేదు, హక్కులు లేవు. అయినా జనం వస్తున్నారు. చూసే చోటు అక్కడే ఉంది కాబట్టి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ బొమ్మను కాన్‌స్టబుల్ ఫ్లాట్‌ఫర్డ్‌లో వేయలేదు. ఊళ్ళో చేసుకున్న చిన్న చిన్న స్కెచ్‌లు దగ్గర పెట్టుకుని, లండన్ స్టూడియోలో సుమారు ఆరడుగుల వెడల్పున్న కాన్వాస్ మీద వేశాడు. మొదటిసారి లండన్‌లో ప్రదర్శనకు పెడితే కొనేవాడు దొరకలేదు. 1824లో పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. అంటే ఊరు బొమ్మకు విషయాన్ని ఇచ్చింది, లండన్ చోటు ఇచ్చింది, పారిస్ పేరు ఇచ్చింది. ఊరి గర్వం అబద్ధమని దీని అర్థం కాదు. అక్కడ పెరగకపోతే ఆ నీళ్ళ మీద వెలుగు ఆయనకు అంత తెలిసేది కాదు.

ప్రశాంతమైన పల్లె అని మనం అనుకునే ఆ చోటు అప్పట్లో పని జరిగే చోటు కూడా. ఫ్లాట్‌ఫర్డ్ మర కాన్‌స్టబుల్ తండ్రిది. ఆ నది మీద బోట్లలో సరుకు వెళ్ళేది, వాళ్ళ పిండి లండన్ చేరేది. 1822లో ఆ ప్రాంతపు వ్యవసాయ కూలీలు కూలి చాలక తిరగబడ్డారు. బొమ్మలో ఆ ఇబ్బంది కనపడదు. చిత్రకారుడు పేదరికాన్ని దాచాడని కొందరు చరిత్రకారులు వాదిస్తారు. తనకు తెలిసిన పనినీ, తను పెరిగిన చోటునీ ప్రేమతో గీశాడే తప్ప దాచడం ఆయన ఉద్దేశం కాదని ఇంకొందరు అంటారు. రెండో మాటకు బలం ఎక్కువ ఉందని నేననుకుంటాను. ఎందుకంటే ఆయన బొమ్మల్లో పడవలు, లాకులు, మరలు, బండ్లు అన్నీ పనిలోనే ఉంటాయి. కానీ ఉత్సవాలు చేసేటప్పుడు మొదటి మాట కూడా చెప్పాలి.

## జివెర్నీ: ఒకప్పుడు ఊరికీ చిత్రకారుడికీ పడలేదు

ఇప్పుడు జివెర్నీ జనాభా సుమారు 500. ఏటా వచ్చే సందర్శకులు 5 లక్షలకు పైనే. ఈ అంకెలు చూస్తే ఊరంతా మొదటి నుంచీ మోనేని నెత్తిన పెట్టుకుందనిపిస్తుంది. జరిగింది అది కాదు.

మోనే 1883లో అక్కడ ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. 1890లో దాన్నే కొన్నాడు. 1893లో రైలు పట్టాలకు అవతల కొంత స్థలం కొని, పక్కనున్న చిన్న ఏటి నీళ్ళు మళ్ళించి చెరువు చేసుకుంటానని జిల్లా అధికారికి అర్జీ పెట్టుకున్నాడు. ఊళ్ళో రైతులు అడ్డుచెప్పారు. ఆయన తెప్పించే విదేశీ మొక్కల వల్ల నీళ్ళు విషమవుతాయని, ఆ నీళ్ళు తాగే పశువులకు ఏమైనా అవుతుందని వాళ్ళ భయం. చివరికి అనుమతి వచ్చింది. ప్రపంచం ఇప్పుడు కలువల చెరువు అని చూసేది ఆ వివాదంలోంచి పుట్టినదే. రైతుల్ని తప్పుపట్టడం నాకు ఇష్టం ఉండదు. పై ఊళ్ళో ఎవరో కాలవలో ఏదో కలుపుతున్నారని వింటే మన రైతులైనా అదే అడుగుతారు.

దీనికంటే స్పష్టంగా విషయం చెప్పే సంఘటన 1891లో జరిగింది. ఎప్త్ నది ఒడ్డున, పక్కనున్న లిమెట్జ్ గ్రామానికి చెందిన పోప్లార్ చెట్ల వరసను మోనే వరుసగా గీస్తున్నాడు. గీస్తూండగానే గ్రామం ఆ చెట్లను కలప కోసం వేలానికి పెట్టింది. మోనే వెళ్ళి ఒక కలప వ్యాపారితో ఒప్పందం చేసుకున్నాడు: చెట్లు మీరే పాడుకోండి, కొన్ని నెలలు కొట్టకుండా ఉంచితే అదనపు ఖర్చు నేను భరిస్తాను అని. వ్యాపారి ఒప్పుకున్నాడు. బొమ్మలు పూర్తయ్యాయి, 20కి పైగా చిత్రాలు మిగిలాయి. చెట్లు మాత్రం తర్వాత కలపకు పోయాయి.

ఈ ఒక్క సంఘటనలో మొత్తం సమస్య ఉంది. చిత్రకారుడికి అది దృశ్యం, గ్రామానికి రాబడి, వ్యాపారికి సరుకు. ముగ్గురిలో ఎవరూ తప్పు చేయలేదు. దృశ్యం కొన్నాళ్ళు నిలవాలంటే ఎవరో ఒకరు దాని ధర చెల్లించాలి. మోనే తన జేబులోంచి చెల్లించాడు, అది కూడా బొమ్మలు అయ్యేవరకే. శాశ్వతంగా నిలపాలంటే ఎవరు చెల్లించాలన్నది ఇవాళ్టి ఊళ్ళ ముందున్న ప్రశ్న.

మోనే పోయాక కథ చాలాకాలం చీకటిగానే నడిచింది. కొడుకు మిషెల్ 1966లో చనిపోతూ ఇల్లు, తోట ఫ్రెంచి లలితకళా అకాడమీకి రాసిచ్చాడు. తన దగ్గరున్న తండ్రి చిత్రాలు మాత్రం పారిస్‌లోని మార్మొతాన్ మ్యూజియానికి చేరాయి. అప్పటికి తోట పాడుబడింది, ఇంటి అద్దాలు పగిలాయి. 1977 నుంచి బాగుచేయడం మొదలైంది. డబ్బు ఎక్కువగా అమెరికన్ దాతలది. 1980లో జనానికి తెరిచారు.

ఇక్కడే చాలామందికి అనుమానం వస్తుంది. మొక్కలు కొత్తవి, గోడల మీద మోనే బొమ్మలు నకళ్ళు. మరి ఇది అసలుదా, సెట్టింగా? తోట విషయంలో ‘అసలు’ అనే కొలత అంత సూటిగా పనిచేయదు. పువ్వు ఏడాదికోసారి పోయి మళ్ళీ రావాల్సిందే. పాత ఫొటోలు, ఉత్తరాలు, బొమ్మలు చూసి, ఏ మడిలో ఏ రంగు ఉండేదో తెలుసుకుని నాటారు. గోడలకు ఉన్న జపాను అచ్చుచిత్రాల సేకరణ మాత్రం మోనే సొంతం. చెరువు ఆయన తవ్వించిన చోటే ఉంది. ఇదంతా ఉత్త అలంకారం అనేవాళ్ళతో నేను ఏకీభవించను. అయితే తోటలో నిలబడి ‘మోనే చూసింది సరిగ్గా ఇదే’ అనుకుంటే అది కూడా పొరపాటే. చివరి పెద్ద కలువల చిత్రాలు చూడాలంటే పారిస్‌లోని ఓరాంజరీ మ్యూజియానికి పోవాలి. వాటిని దేశానికి ఇచ్చింది మోనేనే. 1927లో, ఆయన పోయిన మరుసటి ఏడాది, ఆ గదులు తెరిచారు.

ఊరికి లాభమా నష్టమా అంటే, రెండూ. హోటళ్ళకు, దుకాణాలకు, తోట పనివాళ్ళకు ఉపాధి. తోట తెరిచే ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఇరుకు వీధుల్లో బస్సుల రద్దీ. 500 మంది ఉండే చోటుకు వెయ్యి రెట్లు జనం వస్తే ఊరు ఎవరి కోసం నడుస్తుందన్న ప్రశ్న సహజం.

## నగ్గర్: మన దేశపు ఉదాహరణ

నికొలస్ రోరిక్ 1874లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు. మధ్య ఆసియా అంతా తిరిగి, 1928లో కులూ లోయలోని నగ్గర్ చేరాడు. 1947 డిసెంబర్ 13న చనిపోయేదాకా అదే ఆయన ఇల్లు. హిమాలయాలను నీలం, ఊదా, గులాబి రంగుల్లో వందల చిత్రాలుగా వేశాడు. 1942లో నెహ్రూ, ఇందిర ఆ ఇంటికి అతిథులుగా వెళ్ళారు. యుద్ధంలోనూ శాంతిలోనూ కళాఖండాలను, మ్యూజియాలను, బడులను కాపాడాలనే రోరిక్ ఒప్పందం ఈయన ఆలోచనే. 1935 ఏప్రిల్ 15న వాషింగ్టన్‌లో అమెరికా ఖండపు దేశాలు దాని మీద సంతకాలు చేశాయి.

ఆయనను దహనం చేసిన చోట ఒక పెద్ద రాయి ఉంది. దాని మీద ఆయనను మహర్షి అని, భారతదేశానికి గొప్ప మిత్రుడని రాశారు. తేదీ విక్రమ శకంలో వేశారు. ఎస్టేటులోనే, దేవదారు చెట్టు కింద, స్థానికులు కొలిచే గుగ్గా చౌహాన్ రాతి విగ్రహం ఉంది. రోరిక్ ఆ దేవుణ్ణి బొమ్మల్లో కూడా వేశాడు. బయటి నుంచి వచ్చిన మనిషిని ఊరు తనవాడిగా ఎలా ఒప్పుకుంటుందో ఈ రెండు రాళ్ళను చూస్తే అర్థమవుతుంది.

ఇల్లు ఇప్పుడు అంతర్జాతీయ రోరిక్ స్మారక ట్రస్టు చేతిలో మ్యూజియంగా ఉంది. జివెర్నీకి భిన్నంగా ఇక్కడ అసలు చిత్రాలు కొన్ని ఉన్నాయి. వీటికి ఒక ప్రత్యేక రక్షణ కూడా ఉంది. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం కింద కేంద్రం కొందరు దివంగత చిత్రకారుల రచనలను కళానిధులుగా ప్రకటించింది. రవివర్మ, రవీంద్రనాథ్ టాగోర్, అవనీంద్రనాథ్, గగనేంద్రనాథ్, నందలాల్ బోస్, జామినీ రాయ్, అమృతా షేర్‌గిల్, శైలోజ్ ముఖర్జీ, నికొలస్ రోరిక్. తొమ్మిదిమందిలో విదేశీయుడు ఆయనొక్కడే. కళానిధిగా ప్రకటిస్తే బొమ్మను దేశంలో అమ్మొచ్చు, కొనొచ్చు. దేశం దాటించి అమ్మడం మాత్రం కుదరదు. ఊరు దాటకూడదని ఆ చట్టం ఎక్కడా చెప్పదు. నగ్గర్‌లో ఉన్న బొమ్మ ఢిల్లీకి పోతే చట్టానికి అభ్యంతరం లేదు. ఇది చాలామంది గమనించని తేడా.

ఇక కాపీరైట్. మన చట్టంలో చిత్రకారుడు చనిపోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది. హైదరాబాద్‌లో ఒక కాలనీ సంఘం క్యాలెండర్ వేద్దామనుకుంది అనుకోండి. నికొలస్ రోరిక్ చనిపోయింది 1947లో. హక్కు 2007 చివరికి తీరింది, వేసుకోవచ్చు. ఆయన కొడుకు స్వెతొస్లావ్ రోరిక్ కూడా చిత్రకారుడే. ఆయన పోయింది 1993లో కాబట్టి 2053 చివరి దాకా హక్కుదారు అనుమతి కావాలి. ఒకే ఇంట్లో పక్కపక్కన వేలాడే తండ్రి బొమ్మకు ఒక నియమం, కొడుకు బొమ్మకు ఇంకో నియమం. ఇంకో మాట: బొమ్మ కొన్నవాడికి కాపీరైట్ దానంతటదే రాదు, రాతపూర్వకంగా ఇస్తే తప్ప. హక్కు తీరిన బొమ్మ అయినా, గ్యాలరీలో ఫొటో తీయొద్దని మ్యూజియం నియమం పెట్టుకోవచ్చు. అది కాపీరైట్ కాదు, ఆవరణ నియమం.

ఇల్లు ఎవరిదన్న ప్రశ్న ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఈ కుటుంబమే ఉదాహరణ. స్వెతొస్లావ్ 1945లో పెళ్ళి చేసుకున్నది సినీతార దేవికారాణిని. ఆవిడ 1908లో మన వాల్తేరులో పుట్టింది. ఇద్దరూ బెంగళూరు శివార్లలోని తాతగుని ఎస్టేటులో, 468 ఎకరాల తోటలో బతికారు. పిల్లలు లేరు. ఆయన 1993లో, ఆవిడ 1994లో పోయారు. ఎస్టేటు తమకు అమ్మారని ఒక కంపెనీ ముందుకొచ్చింది. కర్ణాటక ప్రభుత్వం 1996లో ఆ ఎస్టేటు కోసమే ఒక చట్టం చేసి స్వాధీనానికి దిగింది. కేసు సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్ళి, 2011లో చట్టం చెల్లుతుందని తేలింది. నగ్గర్‌లో ట్రస్టు ఉండటం వల్ల ఇంత టెన్షన్ రాలేదు. బతికుండగా రాసిపెట్టిన పత్రం ఒక్కటి ఎంత తేడా తెస్తుందో ఇక్కడ చూడొచ్చు.

## దృశ్యాన్ని చట్టం కాపాడగలదా?

ఇల్లుకు తాళం వేయొచ్చు, బొమ్మకు గాజు బిగించొచ్చు. దృశ్యం విషయంలో ఎదురయ్యేవి కాస్త వేరు. డెడ్‌హామ్ లోయలో ఎవరూ గొడ్డలి పట్టకుండానే కాన్‌స్టబుల్ గీసిన ఎల్మ్ చెట్లు పోయాయి. 1970ల్లో వచ్చిన తెగులు దక్షిణ ఇంగ్లండ్‌లో ఆ జాతిని దాదాపు తుడిచేసింది. కులూ లోయలో 2023 జూలై వరదలకు బియాస్ నది ఒడ్డు రూపే మారింది.

మనుషులు చేసే మార్పును మాత్రం ఆపొచ్చని మొదట గట్టిగా అడిగినవాళ్ళలో చిత్రకారులున్నారు. పారిస్‌కు దక్షిణాన ఫాంటెన్‌బ్లో అడవి, దాని అంచున బార్బిజాన్ పల్లె. తియొడార్ రూసో, మిలే లాంటి చిత్రకారులు అక్కడ స్థిరపడ్డారు. పాత ఓక్ చెట్లను కొట్టేసి, త్వరగా పెరిగే పైన్ నాటుతుంటే రూసో చక్రవర్తికి విజ్ఞప్తి పంపాడు. కొందరు చిత్రకారులైతే పైన్ మొక్కల్ని పీకేశారు కూడా. చివరికి 1861లో 1,097 హెక్టార్లు, అంటే సుమారు 2,700 ఎకరాలు, కళాకారుల కోసం కొట్టకుండా వదలాలని ఆజ్ఞ వచ్చింది. అమెరికాలో ఎల్లోస్టోన్ పార్కు ఏర్పడటానికి 11 ఏళ్ళ ముందు మాట ఇది. ప్రకృతిని దాని అందం కోసమే కాపాడిన తొలి ప్రభుత్వ చర్యల్లో దీన్ని లెక్కిస్తారు.

దీనికి రెండో వైపు ఉంది. ఆ అడవిలో పుల్లలేరుకుని, పశువుల్ని మేపుకుని బతికే పల్లెజనం ఉన్నారు. పట్నం నుంచి వచ్చినవాళ్ళ కంటికి అందంగా ఉండాలని మా పొట్ట ఎందుకు కట్టుకోవాలని వాళ్ళు అడగొచ్చు. అడవి శాఖకూ వాదన ఉంది: పైన్ నాటింది కలప కోసం, ఖాళీ ఇసుక నేల వృథా కాకూడదని. చిత్రకారుల జవాబు: వందల ఏళ్ళ చెట్టును కొట్టేశాక ఎంత డబ్బు పెట్టినా అది మళ్ళీ రాదు. నేను చిత్రకారుల పక్షమే, ఒక షరతుతో. మిలే గీసిన పరిగె ఏరుకునే ఆడవాళ్ళు ఆ పొలాల్లో నిజంగా బతికినవాళ్ళు. వాళ్ళను బొమ్మలో ఉంచుకుని దృశ్యంలోంచి తీసేస్తే ఆ రక్షణ ఎవరి కోసమో తెలియదు.

ఇవాళ ఇంగ్లండ్‌లోనూ అదే తగువు వేరే రూపంలో ఉంది. సముద్రంలోని గాలిమరల కరెంటును తీసుకురావడానికి కాన్‌స్టబుల్ ప్రాంతం మీదుగా పెద్ద లైన్లు కావాలి. డెడ్‌హామ్ లోయ భాగంలో తీగల్ని భూమిలోంచి వేయాలన్నది ప్రణాళిక, అలా వేస్తే ఖర్చు ఎక్కువ. లోయ అంచుకు ఇవతల ఊళ్ళవాళ్ళు అడిగేది సూటి ప్రశ్న: చిత్రకారుడు మా పొలం గీయలేదు కాబట్టి టవర్లు మాకేనా? దానికి తేలికైన జవాబు లేదు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు ఈ సమస్య కొత్తది కాదు. మన దృశ్యం బండరాళ్ళది. సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్, ఒకదాని మీద ఒకటి నిలబెట్టినట్టుండే గుట్టలు. 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది, వాళ్ళ పట్టుదల వల్ల కొన్ని శిలలు వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. అయితే ఒక శిలను జాబితాలో చేర్చడానికీ, డెడ్‌హామ్‌లో లాగా లోయ మొత్తాన్నీ ప్రకటించడానికీ చాలా తేడా ఉంది. మొదటిదాంట్లో లెక్కలోకి వచ్చేది ప్రధానంగా ఆ వస్తువు. రెండోదాంట్లో దూరం నుంచి అది ఎలా కనపడుతుందన్నదీ లెక్కే. ఖాజాగూడ వైపు వెళ్ళినవాళ్ళకు, గుట్టల వెనక టవర్లు చూసినవాళ్ళకు, ఈ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు.

## మరి మన ఊళ్ళ సంగతి?

మన దగ్గర అసలు లేవనడం సరికాదు. 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే మశూచితో చనిపోయిన దామెర్ల రామారావు బొమ్మలు ఆయన సొంత ఊరు రాజమండ్రిలోనే, ఆయన పేరున్న గ్యాలరీలో ఉన్నాయి. ఒక లెక్కన ఈస్ట్ బెర్గ్‌హోల్ట్‌కి దక్కని అదృష్టం రాజమండ్రికి దక్కింది: అసలు బొమ్మలు, అవి పుట్టిన ఊళ్ళోనే.

పల్లె కావాలంటే గుంటూరు జిల్లా దుగ్గిరాల దగ్గరి తుమ్మపూడి ఉంది. సంజీవదేవ్ 1914లో అక్కడ పుట్టాడు. వయసులో ఉన్నప్పుడు హిమాలయాలు తిరిగాడు, నగ్గర్‌లో రోరిక్ కుటుంబంతో గడిపాడు. తర్వాత తిరిగొచ్చి తన ఊళ్ళోనే ఉండిపోయాడు. ప్రకృతి దృశ్యాలు గీశాడు, కళ గురించి తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాశాడు, లెక్కలేనన్ని ఉత్తరాలు రాశాడు. ఎక్కడెక్కడి రచయితలూ చిత్రకారులూ ఆ పల్లెకు వచ్చి వెళ్ళారు. 1999లో పోయాడు. నగ్గర్ దాకా వెళ్ళొచ్చే మన టూరిస్టుల్లో ఈ సంబంధం తెలిసినవాళ్ళు తక్కువ.

మొదట చెప్పుకున్న నాలుగు విషయాలను తుమ్మపూడికి పెట్టి చూస్తే పరిస్థితి తేటగా కనపడుతుంది. మనిషిని తలుచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు: జయంతి సభ, బడి పిల్లలకు బొమ్మల పోటీ, ఊరి మొదట్లో ఒక పలక, ఇవి పంచాయతీ చేయగల పనులు. ఇంటి విషయం వారసులు తేల్చాలి, తాతగుని అనుభవం చూశాక అది కాగితం మీద ఉండటం మంచిదని ఎవరైనా ఒప్పుకుంటారు. బొమ్మలు ఎవరి దగ్గరున్నా, వాటిని అచ్చు వేయాలంటే 2059 చివరి దాకా హక్కుదారుల్ని అడగాలి. దృశ్యం అంటే కృష్ణా డెల్టా కాలవలు, వరి, పసుపు. అవి సాగులో ఉన్నాయి, యజమానులు రైతులు. దుగ్గిరాల యార్డులో పసుపు ధర బాగుంటే ఆ పొలాలు పొలాలుగానే ఉంటాయి. లేకపోతే ప్లాట్లవుతాయి.